గండుపిల్లికి నెల గడువు

మొన్న ఆదివారం మా కోడలు పిల్లిని బుట్టలో పెట్టుకుని విజయవాడ వెళ్ళి, సాయంత్రానికి తిరిగి తీసుకొచ్చింది. పొద్దున్న వీధి చివరిదాకా వినిపించేలా అరుస్తూ వెళ్ళిన గండుపిల్లి, వచ్చేటప్పుడు మెడచుట్టూ గరాటా లాంటి అట్ట తొడుక్కుని, ఈ లోకంతో తనకిక పనేమీ లేదన్నట్టు వచ్చింది. ఆపరేషన్ చేయించారు. రెండు నెలలుగా వాడు తడపని చోటు మా ఇంట్లో లేదు. స్కూటరు చక్రాలు, గుమ్మం పక్క కుండీలు, మా ఆయన చెప్పులు, అన్నీ అయ్యాయి. నాలుగు రోజులు గడిచాక, అంటే ఇవాళ పొద్దున్న, వాడు మళ్ళీ వెళ్ళి ఆ చెప్పుల్నే తడిపాడు. మా ఆయన ఎనభై దాటిన మనిషి. కుర్చీలోంచి లేవకుండానే రంకెలేశాడు. "అంత హడావిడి చేసి కోయించుకొచ్చారు, ఏం ఒరిగింది? తీసుకెళ్ళి ఎక్కడన్నా వదిలెయ్యండి!" అన్నాడు. మా కోడలు లోపలినుంచి డాక్టరు ఇచ్చిన కాగితం తెచ్చి, ఆయన ముక్కుకి ఎదురుగా పట్టుకుని, "మావయ్యా, ఇది చదివి మాట్లాడండి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని రాసుందిగా. అప్పటిదాకా మీ చెప్పులు లోపల పెట్టుకోండి" అంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఆ వాక్యం రెండుసార్లు చదివి, "అయితే సరే" అని పేపర్లో తల దూర్చాడు. అంతే. నేను వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఇదంతా వింటున్నాను. ఆ మాట, సరిగ్గా ఆ మాటే, అరవై ఏళ్ళ కిందట జగ్గయ్యపేటలో నేను చెప్పి ఉండాల్సింది.

మాది నందిగామ. మా నాన్న అక్కడి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. అరవయ్యో దశకం మొదట్లో నన్ను జగ్గయ్యపేట ఇచ్చారు. రెండూళ్ళకీ మధ్య బస్సులో గంటా గంటన్నర ప్రయాణమే అయినా, మా అమ్మ నన్ను సముద్రాలు దాటిస్తున్నట్టు ఏడ్చింది. అత్తవారిది వ్యవసాయం. కందులు, పెసలు, మిరప. ఇంటికి కుడివైపు పొడుగాటి కొట్టుగది ఉండేది. మిరపకాయల బస్తాలు దింపిన రోజున ఇంటిల్లిపాదీ తుమ్ముతూనే భోజనాలు చేసేవాళ్ళం. కాపురానికి వెళ్ళిన మొదటి సాయంత్రం మా అత్తగారు పెరటి గుమ్మంలో నిలబడి, "వాడొచ్చాడా?" అని అడిగింది. పాలేరు "రాలేదమ్మా" అన్నాడు. మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. మూడో రోజు ఆవిడ అన్నం సగంలోనే చెయ్యి కడిగేసుకుంది. పెళ్ళిచూపులప్పుడు మాకు చెప్పకుండా దాచిన మరిది ఎవడో ఉన్నాడనీ, వాడు వ్యసనాలు మరిగి ఇల్లు పట్టకుండా తిరుగుతున్నాడనీ నేను నిశ్చయించుకున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం వాడొచ్చాడు. గోడ మీంచి దూకాడు. బూడిదరంగు మీద నల్లచారలు, కొబ్బరికాయంత తల, ఎడమ చెవి సగమే ఉంది. కుడి దవడ చీము పట్టి వాచిపోయి ఉంది. అత్తగారు వాణ్ణి ఒళ్ళో వేసుకుని, "సచ్చినోడా, మళ్ళీ ఎవడితో కలబడ్డావురా" అంటుంటే, ఆ ఇంట్లో మొట్టమొదటిసారి ఒక మనిషి గొంతులో మెత్తదనం విన్నాను.

వాడికి పేరు లేదు. వాడు, అంతే. మిరపకాయల ఖాళీ గోతాంలో, కళ్ళయినా తెరవకముందు దొరికాడట. తల్లి పిల్లి ఏమైందో తెలీదు. అత్తగారు దూదివత్తి పాలలో ముంచి చప్పరింపిస్తూ పెంచింది. నలుగురు పిల్లల్ని కని పెంచిన మనిషి ఆవిడ. కానీ ఆ నలుగుర్నీ పెంచే రోజుల్లో పొలం, పాడి, వచ్చే పోయే జనం, వీటి మధ్య ఒక్కణ్ణీ తీరిగ్గా ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉండదు. వీడొచ్చే నాటికి ఆవిడకి కాస్త తీరిక దొరికింది. ఆ ముద్దంతా వీడికి ముట్టింది. మా ఆయన ఒకసారి నాతో, "మా అమ్మ నన్ను అట్టా నిమరగా నేను చూళ్ళేదు" అన్నాడు. ఈర్ష్యతో కాదులెండి, ఆశ్చర్యంతో.

గండుపిల్లి బతుకు ఎలాంటిదో ఇప్పటివాళ్ళకి తెలియకపోవచ్చు. వయసొచ్చిన దగ్గర్నుంచీ వాడికి ఇల్లు ఒక మజిలీ మాత్రమే. ఊళ్ళో ఏ మూల ఆడపిల్లి అరిచినా వీడికి కబురు అందేది. వెళ్ళినవాడు వారానికో పది రోజులకో ఎముకలగూడై వచ్చేవాడు. ఒకసారి కాలు కుంటుతూ, ఒకసారి కన్ను మూసుకుపోయి, ఒకసారి తోక మొదట్లో పుండుతో. అత్తగారు వేపాకు నీళ్ళతో కడిగి, పసుపు మెత్తి, మీగడ పెట్టి మనిషిని చేసేది. మనిషైన వెంటనే మళ్ళీ వెళ్ళేవాడు. మా వీధిలో గండుపిల్లులు నాలుగైదేళ్ళకి మించి బతకగా ఎవరూ చూడలేదు. ఇంట్లో ఉన్న రోజుల్లోనైనా ఊరుకునేవాడా అంటే, ఇది తన రాజ్యమని గోడగోడకీ, బస్తాబస్తాకీ తోక ఎత్తి ముద్ర వేసేవాడు. ఆ కంపు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా అందదు. సబ్బుకి పోదు, సున్నానికి పోదు, ఎండకి ఇంకా పెరుగుతుంది.

ఇక మా మామగారి సంగతి. కోపిష్టి అని ఊరంతా అనుకునేవారు గానీ, నాకు ఆ కోపమూ తెలీదు, ఆ మనిషీ తెలీదు. ఎందుకంటే ఆ ఇంట్లో కోడళ్ళు మామగారి ఎదుట పడకూడదు, ఆయనతో మాట్లాడకూడదు. ఆయన నాకేదన్నా చెప్పాలనుకుంటే తలుపు వైపు చూసి చెప్పేవారు. నేను తలుపు వెనకాల నిలబడి, విన్నానన్న గుర్తుగా గాజులు చప్పుడు చేసేదాన్ని. నేనేదన్నా చెప్పాలంటే అత్తగారి ద్వారా చెప్పించాలి. ఆయన గొంతుతో, ఆయన దగ్గుతో, ఆయన చెప్పుల చప్పుడుతో నాకు బాగా పరిచయం ఉంది. ఆయన మొహం నేను సరిగ్గా చూసింది పెళ్ళి ఫొటోలోనే.

ఆ ఏడు వాడు చెయ్యరాని పని ఒకటి చేశాడు. కందులు ఇంటికి రాగానే వేదాద్రి నరసింహస్వామికి మొక్కుబడిగా కొన్ని బస్తాలు తీసిపెట్టడం మామగారి అలవాటు. అవి కృష్ణ ఒడ్డున యాత్రికుల సత్రంలో పప్పు వండడానికి వెళతాయి. వేరుగా బల్లమీద పెట్టి, బొట్టుపెట్టి ఉంచిన ఆ బస్తాల మీద వాడు తన ముద్ర వేశాడు. మామగారు ఇల్లెగిరేలా అరిచారు. చంపేస్తానని మాత్రం అనలేదు. పిల్లిని చంపితే బంగారంతో పిల్లిని చేయించి దానం ఇవ్వాలి, అయినా ఆ పాపం పూర్తిగా పోదంటారు. ఆ భయం వల్ల మా వైపు పిల్లులు చాలానే బతికిపోయాయి. చంపడానికి బదులు అందరూ చేసే పని, సంచిలో మూతి బిగించి కట్టి వేరే ఊళ్ళో వదిలిరావడం. "బస్తాలు కొత్తవి నింపి, పదిహేను రోజుల్లో బండి కడతా. కందులతోపాటు వాణ్ణి కూడా తీసుకెళ్ళి వేదాద్రిలో దింపేసొస్తా" అన్నారు. అత్తగారు ఆ పూట అన్నం తినలేదు, ఆ మర్నాడూ తినలేదు.

అప్పుడు నేను వంటింట్లో ఆవిడతో నా తెలివి చూపించాను. "అత్తయ్యా, కోడెలకి బీజాలు నొక్కిస్తారు చూడండి, అట్టా పిల్లికి కూడా చేస్తే తిరగటం మానేస్తుందంట. మా ఆసుపత్రి డాక్టరుగారు ఎప్పుడో నాన్నతో అంటే విన్నా" అన్నాను. ఆవిడ వెంటనే వెళ్ళి మామగారితో చెప్పింది. ఆయన మొదట నవ్వారు. పిల్లికి అలాంటిది చేయించడం ఆ ప్రాంతంలో ఎవరూ కనీవినీ ఎరగరు. కానీ ఆయన రైతు. కోడెల లెక్కలోకి వచ్చేసరికి విషయం ఆయనకి అందింది. "కోడెకి నొక్కించాక దారికొస్తుంది, కాడి మోస్తుంది. వీడెందుకు రాడు? ఎలకల్ని పట్టటం మానేస్తాడేమో మరి?" అన్నారు. కోడె ఎద్దయ్యాక పని మానేస్తుందా అని అత్తగారు అడిగింది. ఆయన తలుపు వైపు తిరిగి, "సరేనమ్మా, మీ నాన్న పనితనం చూద్దాం. బండి కట్టేలోగా వాడు మారితే ఉంటాడు, లేకపోతే పోతాడు" అన్నారు. నేను గాజులు గట్టిగా చప్పుడు చేశాను. అంతటితో ఊరుకోక, "మా నాన్న ఎన్ని వందల కోడెల్ని చూశాడో! రెండు రోజుల్లో వీడు ఆవుదూడైపోతాడని చెప్పండత్తయ్యా" అని కబురు కూడా చేర్చాను. పుట్టింటి గొప్ప చెప్పుకునే అవకాశం కొత్తకోడలికి రోజూ రాదు కదా.

బస్సులో వాణ్ణి తీసుకెళ్ళడం ఒక కథ. గంపలో పెట్టి, పైన ఇంకో గంప బోర్లించి, తాడుతో బిగించాం. నేనూ మా ఆయనా వెనక సీట్లో కూర్చున్నాం. కోదాడ వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు, "గంపల ఏమున్నదమ్మా?" అని వంగి చూశాడు. లోపలినుంచి వాడు తన పూర్తి గొంతుతో సమాధానం చెప్పాడు. బస్సంతా గొడవ మొదలైంది. పిల్లిని ఎక్కించుకుని ప్రయాణమేమిటి, అపశకునం, దింపెయ్యమన్నారు. కండక్టరు మంచివాడు. "పిల్లి ఎదురొస్తే కదండీ శకునం చూసేది? ఇది మనతోపాటే వస్తంది. మనకి ఎదురెట్టా అవుద్ది?" అన్నాడు. ఈ వాదన ఎవరికీ పూర్తిగా నచ్చలేదు గానీ, కాదనడానికీ వీల్లేకపోయింది. నందిగామ దాకా అందరూ ముందుకే చూస్తూ కూర్చున్నారు.

పశువుల ఆసుపత్రి ఆవరణలో ఆ పూట నాలుగు కోడెలు వరసలో ఉన్నాయి. కోడెలకి నొక్కే పెద్ద ఇనప పటకారు గోడకి వేలాడుతోంది. మా నాన్న దాని వైపు చూసి, గంప వైపు చూసి, "దీనికి అది పనికి రాదమ్మా" అన్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆయన పిల్లికి చెయ్యేసింది లేదు. అదృష్టవశాత్తు డాక్టరుగారు కుర్రవాడు, చదువుకున్నది మర్చిపోయేంత వయసు ఇంకా రాలేదు. గేదెల తోకలు పట్టుకుని విసిగిపోయి ఉన్నాడేమో, పిల్లి అనగానే సంబరపడి కుర్చీలోంచి లేచాడు. అటెండరు ఖాకీ కోటు తెప్పించి, ఆ కోటు చేతిలోకి వాణ్ణి తలవైపునుంచి దూర్చారు. వెనక కాళ్ళూ తోకా మాత్రం బయటికి ఉన్నాయి. ముక్కు దగ్గర మత్తుమందు దూది పెట్టారు. వాడు కోటుచేతిని కాసేపు చీల్చి, తర్వాత మెల్లగా మెత్తబడిపోయాడు. చిన్న గాటు, దారంతో ఒక ముడి, మళ్ళీ ఒక గాటు, ఒక ముడి. కుట్లు కూడా అక్కర్లేదన్నారు. పళ్ళెంలో చింతగింజలంత రెండు పడ్డాయి. మా నాన్న వాటి వైపు చూసి, "ఈ రెండిటికా తల్లీ ఇంత రామాయణం" అన్నాడు.

డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ నాకు అంతా చెప్పాడు. తిరుగుడు తగ్గుతుంది, కొట్లాటలు తగ్గుతాయి, కాబట్టి పుళ్ళు ఉండవు, ఇంకో పదేళ్ళు బతికినా బతుకుతాడు. ఒళ్ళు వస్తుంది, మీగడ తగ్గించండి, నీళ్ళు బాగా తాగేలా చూడండి. ఎలకల్ని పట్టడం ఎక్కడికీ పోదు, అది వేరే విద్య. కంపు కూడా పోతుంది. అక్కడిదాకా అన్నీ శుభవార్తలే. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని, "అయితే ఇవాళ కోశాం కదా అని రేపటికి సాధువైపోతాడనుకోవద్దమ్మా. ఒంట్లో ఉన్న పాత సరుకు అరగాలి. నెల, నెలన్నర పడుతుంది. అందాకా తిరుగుతాడు, కలబడతాడు, గోడలు తడుపుతాడు. మీవాళ్ళని ఓపిక పట్టమని చెప్పండి" అన్నాడు. నాకు ఉన్నది పదిహేను రోజులు. నేను చెప్పింది రెండు రోజులు. నా మొహం చూసి మా నాన్నకి ఏదో అర్థమైనట్టుంది. బస్సు ఎక్కించేటప్పుడు, "నెల మాట మీ మామగారికి గట్టిగా చెప్పు. పోనీ ఒక ముక్క ఉత్తరం రాసియ్యనా?" అన్నాడు. "వద్దులే నాన్నా, నేను చెప్తాగా" అన్నాను. ఉత్తరం రాస్తే ఆయన మా నాన్న పనితనాన్ని శంకిస్తారని నా భయం. ఆ ఉత్తరం తీసుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఇంటి మెట్లమీద అత్తగారు కాచుకుని ఉంది. గంప నా చేతిలోంచి అందుకుని, తాడు విప్పుతూ, "ఇక తిరగడు కదే?" అని అడిగింది. ఆ మొహంలో ఉన్న ఆశ చూశాక నెలరోజుల మాట నా నోట్లోంచి రాలేదు. "తిరగడత్తయ్యా" అన్నాను. అబద్ధమని కూడా అనుకోలేదు. నాలుగు రోజులాగి చెబుదాం, మంచి సమయం చూసి చెబుదాం అనుకున్నాను. అలాంటి మంచి సమయం కోసం చూసేవాళ్ళకి అది రాదని అప్పటికి నాకు తెలీదు.

వాడికి జరిగిన ఉపచారాలు ఏ పిల్లికీ జరిగి ఉండవు. ఇంట్లో అందరికీ తెలిసింది కోడె వైద్యమే. నొక్కించిన కోడెని పడుకోనిస్తే వాపు వస్తుంది, నడిపించాలి అన్నారు మామగారు. అందుకని మా ఆయన, హైస్కూలు మాస్టరు, పొద్దున్నా సాయంత్రం వాడి మెడకి తాడు కట్టి పెరట్లో నడిపించడానికి ప్రయత్నించాడు. వాడు నడవలేదు. నాలుగు కాళ్ళూ బిగదన్ని పడుకున్నాడు. మా ఆయన లాగుతుంటే నేలమీద జారుతూ వచ్చాడు. గోడమీంచి ఇరుగుపొరుగు పిల్లలు చూసి, స్కూల్లో అదంతా ప్రదర్శించారు. అత్తగారు ఉలవలు ఉడికించి వార్చిన కట్టు గిన్నెలో పెట్టింది, కోడెకి బలమని. వాడు వాసన చూసి, ముందుకాలు విదిలించుకుని వెళ్ళిపోయాడు. మూడో రోజు తాడు కొరికేశాడు. అయిదో రోజు గోడ దూకాడు. తొమ్మిదో రోజు ముక్కుమీద కొత్త గీరుతో వచ్చాడు. పన్నెండో రోజు కొట్టుగదిలోకి దూరి, కొత్తగా బొట్టుపెట్టిన బస్తా మీద పాత ముద్రే వేశాడు. దాన్నీ మార్చాల్సొచ్చింది.

పదిహేనో రోజు పొద్దున్న మామగారు బండి కట్టించారు. ఎడ్లు మెడలు ఊపుతున్న చప్పుడు, కందుల బస్తాలు ఎక్కిస్తున్న చప్పుడు తలుపు వెనకనుంచి వింటున్నాను. అత్తగారు లోపలికి వచ్చి, తన పాత నేతచీర ముక్క ఒకటి తీసుకెళ్ళి సంచి అడుగున పరిచింది. సంచిలో గుచ్చుకోకూడదని. వాణ్ణి తనే ఎత్తి లోపల పెట్టింది. వాడు ఆవిడ చేతిలో ఏ గొడవా చెయ్యలేదు. మామగారు సంచి మూతి కట్టబోతూ ఆగారు. తలుపు వైపు తిరిగి, "ఏమమ్మా, ఇంతేనా? ఇంకేమన్నా ఉందా మీ నాన్న చెప్పింది?" అన్నారు. వెటకారంగా కాదు. ఆయన నిజంగానే అడిగారు. ఇంకో పదిహేను రోజులు ఆగమన్నారు అని ఒక్క మాట. తలుపు సందులోంచి చెప్పినా చాలు. కోడలు మామగారితో మాట్లాడకూడదన్నది ఆచారం. నిజం చెప్పాలంటే, ఆ పూట ఆ ఆచారం నాకు బాగా అక్కరకొచ్చింది. నోరు విప్పితే నెల మాటతోపాటు నా రెండు రోజుల గొప్పా, మెట్లమీద చెప్పిన అబద్ధమూ బయటపడతాయి. నేను గాజులు చప్పుడు కాకుండా రెండో చేత్తో అదిమి పట్టుకున్నాను. తర్వాత ముడి బిగించిన చప్పుడు వినిపించింది. బండి వెళ్ళిపోయింది.

పిల్లి ఎంత దూరమైనా వాసన పట్టుకుని తిరిగి వస్తుందంటారు కదా, ఆ నమ్మకంతో అత్తగారు పెరటి గోడ కింద కంతని పూడ్చనివ్వలేదు. "వాడొచ్చాడా?" అని మాత్రం అడగడం మానేసింది. నాకు ఆ ప్రశ్న లేని సాయంత్రాలు గడవడం కష్టమైంది. మనసులో రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఇరవై, ఇరవై అయిదు, ముప్ఫై. ముప్ఫై రెండో రోజున, ఇద్దరం ఆవకాయ మామిడికాయలు తుడుస్తుండగా, ఇక ఆగలేక అంతా చెప్పేశాను. డాక్టరు మాట, ఉత్తరం సంగతి, తలుపు వెనక గాజులు పట్టుకోవడం. ఆవిడ చేతిలో కాయ అలాగే పట్టుకుని విన్నది. తిడుతుందనుకున్నాను. "ఆరోజే నా చెవినన్నా ఎయ్యకపోయావటే? ఆయన చేతిలో సంచి లాక్కునేదాన్ని కదే" అంది. ఆ తర్వాత, "రేపు శనివారం. స్వామి దగ్గరికి పోదాం" అంది.

మా ఆయన బండి తోలాడు. దర్శనం అయ్యాక ముగ్గురం ఒడ్డంతా వెతికాం. మెట్ల దగ్గర, పడవలు ఆగేచోట, కొబ్బరికాయలు అమ్మేవాళ్ళ దగ్గర. చివరికి సత్రం వంటింటి గుమ్మంలో వంట చేసే ముసలావిణ్ణి అడిగాం. "సగం చెవి పిల్లా? లోపలున్నాడు చూడండి" అంది. సరుకుల గదిలో బస్తాల మీద వాడు పడుకుని ఉన్నాడు. మామగారు బొట్టుపెట్టి పంపిన కందుల బస్తాలే అవి. ఒళ్ళు నునుపుదేరింది. ఎక్కడా పుండు లేదు. గదిలో ఎంత గాలి పీల్చినా కందుల వాసనే తప్ప ఇంకోటి లేదు. "వచ్చిన కొత్తలో రోజూ రచ్చేనమ్మా, ఈ చుట్టుపక్కల ఒక్క పిల్లిని బతకనివ్వలా. వారం పది రోజుల్నించీ గడప దిగితే ఒట్టు. కూర్చున్న చోటే ఎలకల్ని పడతన్నాడు. నాకెవరూ లేరు, వీడే తోడు. ఎవరు వదిలిపోయారోగానీ, పుణ్యాత్ములు" అంది ముసలావిడ. అత్తగారు వెళ్ళి వాడి పక్కన కూర్చుని తలమీద చెయ్యేసింది. వాడు ఒక కన్ను తెరిచి చూశాడు, ఆవిడ అరచేతికి దవడ ఆనించాడు, మళ్ళీ మూసుకున్నాడు. నేను గంప ముందుకి జరిపాను. మా ఆయన తాడు తీశాడు. అత్తగారు వద్దని చెయ్యి ఊపింది. "కుదురు కుదిరింది వాడికి. మళ్ళీ మనకోసం ఎందుకు పీకటం?" అంది. ముసలావిడకి మాత్రం, "మీగడ ఎక్కువ పెట్టమాక. నీళ్ళు పెడతా ఉండు" అని చెప్పింది. అది నేను చెప్పిన డాక్టరుగారి మాటే. తిరుగు ప్రయాణంలో ఆవిడ ఒకే ఒక్క మాట అంది. "ఇంకో పదిహేను రోజులు."

ఆ సాయంత్రం ఆవిడ మామగారికి ఉన్నదున్నట్టు చెప్పింది. నేను తలుపు వెనకాలే ఉన్నాను. ఇల్లెగిరిపోతుందని ఎదురుచూశాను. ఆయన చెప్పుల చప్పుడు తలుపు దగ్గరికి వచ్చింది. "నెల అని ఒక్క మాట అనుంటే ఆగేవాణ్ణిగా అమ్మా" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. ఊళ్ళో అందరూ చెప్పుకునే కోపిష్టి మనిషి ఎక్కడున్నాడో గానీ, తలుపు అవతల ఉన్నది మాత్రం ఆయన కాదు. తప్పయిపోయింది మావయ్యగారూ అందామనుకున్నాను. అప్పుడు కూడా నేను గాజులే చప్పుడు చేశాను.

వాడు ఆ సత్రంలో పదకొండేళ్ళు బతికాడు. ఏటా కందుల బండితోపాటు అత్తగారు కూడా వెళ్ళడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆవిడ ఆ బండి ఎక్కి ఎరగదు. మా కొట్టుగదిలో ఎలకలు పెరిగాయి. మామగారు ఇంకో పిల్లిని తెస్తానంటే ఆవిడ వద్దంది. బండి తిరిగొచ్చిన ప్రతిసారీ ఆయన, ఎవర్నీ ప్రత్యేకంగా అడగనట్టు, "ఎట్టా ఉన్నాడంట?" అని గాల్లోకి అడిగేవారు. ఆయన పోయేదాకా నేను ఆయన ఎదుట నిలబడి ఒక్క మాటా మాట్లాడలేదు. ఆచారమనే అందరూ అనుకున్నారు.

ఇవాళ మధ్యాహ్నం మా కోడలు గోడమీది క్యాలెండర్‌లో ఆరో వారం చివరి రోజు చుట్టూ ఎర్రగా సున్న చుట్టమని పెన్ను నా చేతికిచ్చింది. చుట్టాను. మా ఆయన తన చెప్పులు తనే తీసుకెళ్ళి బీరువా కింద పెట్టుకున్నాడు. మెడలో గరాటాతో వాడు క్యాలెండర్ కిందే కూర్చుని, ఇంకెన్నాళ్ళన్నట్టు నా వైపు చూస్తున్నాడు. ఈ ఆరు వారాలు ఇట్టే గడిచిపోతాయి. అరవై ఏళ్ళ కిందటి ఆ నెలలోనే ఇంకో పదిహేను రోజులు మిగిలిపోయాయి, అవి ఇప్పటికీ గడవలేదు.